రేడియేషన్ మోతాదును కొలిచేవారు: మెడికల్ ఫిజిసిస్టుల ఆసుపత్రి శిక్షణ ఎలా సాగుతుంది?

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ పేరు చెప్పగానే వజ్రాలకు సానపట్టే కర్మాగారాలు, చీరల మార్కెట్లు గుర్తుకు వస్తాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాల వల్ల అక్కడి లింబాయత్ వంటి బస్తీల్లో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. దక్షిణ గుజరాత్ పల్లెలకు, పట్టణాలకు పెద్ద వైద్యం కోసం వెళ్లవలసిన నగరం కూడా అదే. భారతదేశంలో పురుషులకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ముందువరుసలో ఉంది. పొగాకు, గుట్కా అలవాటు దీనికి ప్రధాన కారణం. అలాంటి రోగుల్లో చాలామందికి శస్త్రచికిత్సతో పాటుగానో, దానికి బదులుగానో రేడియేషన్ చికిత్స అవసరమవుతుంది.

ఆ చికిత్సలో రోగికి కనిపించేవారు రేడియేషన్ ఆంకాలజిస్టు, బల్లపై పడుకోబెట్టే టెక్నాలజిస్టు, నర్సు. ఉదయం మొదటి రోగి రాకముందే యంత్రం విడుదల చేసే రేడియేషన్‌ను కొలిచి, ఆ రోజు చికిత్స మొదలుపెట్టవచ్చని నిర్ధారించే వ్యక్తి సాధారణంగా రోగి కంటపడరు. ఆ వ్యక్తే మెడికల్ ఫిజిసిస్టు, అంటే వైద్య భౌతిక శాస్త్ర నిపుణుడు లేదా నిపుణురాలు. విశ్వవిద్యాలయంలో పట్టా పొందిన విద్యార్థి ఈ బాధ్యతకు అర్హత సాధించాలంటే ఆసుపత్రిలో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కొంతకాలం పనిచేయాలి. ఎంబీబీఎస్ ముగించినవారికి హౌస్ సర్జన్సీ ఎలాంటిదో, వీరికి ఈ శిక్షణ అలాంటిది. దీన్ని భారతదేశంలో ఇంటర్న్‌షిప్ అనీ, అనేక దేశాల్లో క్లినికల్ రెసిడెన్సీ అనీ వ్యవహరిస్తారు.

మెడికల్ ఫిజిసిస్టు చేసే పని ఏమిటి?

రేడియేషన్ చికిత్సలో మోతాదును గ్రే అనే ప్రమాణంతో కొలుస్తారు. కిలోగ్రాము కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. తల, మెడ భాగాల క్యాన్సర్లకు సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున 35 రోజుల్లో 70 గ్రేలు ఇచ్చే పద్ధతి వాడుకలో ఉంది. ఎంత మోతాదు, ఏ భాగానికి ఇవ్వాలో వైద్యుడు నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయాన్ని యంత్రానికి అర్థమయ్యే అంకెలుగా మార్చడం, వెన్నుపాము, లాలాజల గ్రంథులు, కళ్లు వంటి సున్నిత భాగాలకు పరిమితికి మించి సోకకుండా కిరణాల దిశలను, తీవ్రతలను కూర్చడం, కంప్యూటరు వేసిన లెక్క యంత్రంలో నిజంగా అలాగే అమలవుతోందో లేదో కొలిచి చూడడం ఫిజిసిస్టు బాధ్యత. యంత్రం కొత్తగా వచ్చినప్పుడు దాన్ని చికిత్సకు సిద్ధం చేయడం, గది గోడల మందం చాలినదేనా అని పరిశీలించడం, సిబ్బందికి, సందర్శకులకు రేడియేషన్ సోకకుండా చూడడం కూడా ఇదే పనిలో భాగం.

ఈ పనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, రేడియేషన్‌కు రంగు, వాసన, స్పర్శ లేవు. 2 గ్రేల మోతాదు కణజాలం ఉష్ణోగ్రతను సెల్సియస్ డిగ్రీలో రెండు వేలవ వంతు మాత్రమే పెంచుతుంది. బల్లపై పడుకున్న రోగికి ఏమీ తెలియదు. మందు ఎక్కువైతే వాంతి రావచ్చు, సూది తప్పితే నొప్పి కలగవచ్చు. రేడియేషన్ మోతాదు తప్పితే మాత్రం ఆ క్షణాన ఎవరికీ తెలియదు. వారాలు, కొన్నిసార్లు నెలలు గడిచిన తరువాత చర్మం మీద, పేగుల్లో, నరాల్లో దాని ఫలితం బయటపడుతుంది. మోతాదు తక్కువైతే కణితి తిరిగి వచ్చినప్పుడు గాని లోపం కనిపించదు, అప్పుడు కూడా దానికి కారణం ఇదేనని చెప్పడం కష్టం. అందువల్ల చికిత్స సరిగ్గా జరిగిందనడానికి కొలత తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

చదువు ఒక్కటే ఎందుకు చాలదు?

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. లీనియర్ యాక్సిలరేటర్ యంత్రం విడుదల చేసే రేడియేషన్‌ను అయనీకరణ గది అనే చిన్న పరికరంతో నీటిలో కొలుస్తారు. ఆ పరికరం లోపలి గాలికి బయటి గాలితో సంబంధం ఉంటుంది. రేడియేషన్ తగిలినప్పుడు ఆ గాలిలో పుట్టే విద్యుదావేశమే కొలతకు ఆధారం. గాలి పలుచబడితే ఆవేశం తగ్గుతుంది. అందుకే ప్రతి కొలతను 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతకు, సముద్రమట్టపు వాతావరణ పీడనానికి సరిచేయాలి. గది 25 డిగ్రీలు ఉంటే ఆ సవరణ సుమారు 1.7 శాతం.

సూరత్ దాదాపు సముద్రమట్టానికి దగ్గరగా ఉంది. అక్కడ పీడన సవరణ స్వల్పంగా కనిపిస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం ఆరు శాతం వరకు తక్కువ. తీర నగరంలో పని నేర్చుకున్నవారు హైదరాబాద్‌లో చేరి, పీడన సవరణను మరచిపోయారని అనుకుందాం. పరికరం చూపే అంకె ఆరు శాతం తక్కువగా ఉంటుంది. యంత్రం బలహీనపడిందని భావించి దాని ఉత్పత్తిని పెంచితే, మరుసటి రోజు నుంచి వచ్చే ప్రతి రోగికీ ఆరు శాతం అధిక మోతాదు పడుతుంది. రోగికి చేరే మోతాదులో తేడా 5 శాతానికి మించరాదని అంతర్జాతీయ రేడియేషన్ ప్రమాణాల కమిషన్ 1976లోనే సూచించింది. ఒక్క సవరణ మరచిపోతే ఆ హద్దు దాటిపోయినట్లే.

సవరణ సూత్రం ప్రతి విద్యార్థికీ కంఠస్థమే. పీడనమాపకం గోడ మీద ఎక్కడుందో, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో, విమానాశ్రయం వాతావరణ కేంద్రం ప్రకటించే పీడనం సముద్రమట్టానికి సవరించినదా కాదా అన్న విషయాలు మాత్రం తరగతి గదిలో తెలిసేవి కావు. యంత్రం పక్కన నిలబడి, పెద్దలు అడిగే ప్రశ్నలకు సమాధానాలు వెతుక్కుంటూ నేర్చుకోవలసినవి.

మగ్గం పని తెలిసినవారికి దీన్ని మరో విధంగా చెప్పవచ్చు. పేకలో ఒక పోగు తప్పితే బట్టలో ఆ ఒక్కచోటే లోపం కనిపిస్తుంది. పడుగు పోసేటప్పుడే తప్పు దొర్లితే నేసిన బట్ట పొడవునా అది వెంటాడుతుంది. ఒక రోగిని బల్లపై కాస్త పక్కకు పడుకోబెట్టడం పేకలోని తప్పు వంటిది. యంత్రాన్ని తప్పుగా కొలవడం పడుగులోని తప్పు వంటిది.

కోస్టారికా, పనామా నేర్పిన పాఠాలు

1996లో కోస్టారికా రాజధాని సాన్ హోసేలో జరిగిన దుర్ఘటన ఇందుకు చేదు నిదర్శనం. అక్కడి ఒక ఆసుపత్రిలో కోబాల్ట్ యంత్రానికి కొత్త రేడియోధార్మిక మూలకాన్ని అమర్చి, దాని తీవ్రతను కొలిచారు. ఆ కొలతలో 0.3 నిమిషాలను 30 సెకన్లుగా పరిగణించారు. నిజానికి 0.3 నిమిషాలంటే 18 సెకన్లే. ఆ పొరపాటు వల్ల మూలకం అసలు కన్నా బలహీనమైనదిగా లెక్క తేలింది. దానికి తగినట్లు చికిత్స సమయాలను పెంచారు. సుమారు ఐదు వారాల పాటు 115 మంది రోగులు నిర్ణయించిన దానికన్నా 50 నుంచి 60 శాతం అధిక మోతాదుకు గురయ్యారు. వారిలో పలువురు తీవ్రంగా గాయపడ్డారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ కొలతను మరొకరు స్వతంత్రంగా మళ్లీ చేసి ఉంటే ఆ తప్పు మొదటి రోజే బయటపడేది.

2000-2001 సంవత్సరాల్లో పనామాలో జరిగిన మరో దుర్ఘటనలో 28 మంది రోగులు అధిక మోతాదుకు గురయ్యారు. ఆరోగ్యవంతమైన భాగాలను కాపాడేందుకు వాడే కవచ దిమ్మెల వివరాలను చికిత్సా ప్రణాళిక కంప్యూటరులో కొత్త పద్ధతిలో నమోదు చేయడంతో అది చికిత్స సమయాన్ని తప్పుగా లెక్కగట్టింది. కంప్యూటరు ఇచ్చిన ఫలితాన్ని చేతి లెక్కతో సరిచూసే ఆనవాయితీ అక్కడ లేకపోయింది.

ఈ రెండు సంఘటనలపై అంతర్జాతీయ అణుశక్తి సంస్థ విచారణ నివేదికలను ప్రచురించింది. ప్రపంచంలో మెడికల్ ఫిజిసిస్టులకు శిక్షణ ఇచ్చే అనేకచోట్ల నేటికీ వాటిని పాఠాలుగా చెబుతారు. రెండింటిలోనూ పాలుపంచుకున్నది చదువులేనివారు కాదు. తమ ఫలితాన్ని తామే అనుమానించి, మరొకరితో సరిచూపించుకునే అలవాటు అక్కడ కొరవడింది. ఆసుపత్రి శిక్షణ అసలు ఉద్దేశం ఆ అలవాటును నాటడమే.

భారతదేశంలో ఈ వృత్తి ఎలా మొదలైంది?

భారతదేశంలో ఈ వృత్తికి ఆద్యుడిగా డాక్టర్ రామయ్య నాయుడును పేర్కొంటారు. మదనపల్లెలో జన్మించిన ఆయన పారిస్ వెళ్లి మేరీ క్యూరీ ప్రయోగశాలలో అధ్యయనం చేశారు. 1941లో ముంబయిలో ప్రారంభమైన టాటా మెమోరియల్ ఆసుపత్రిలో రేడియం నుంచి వెలువడే రేడాన్ వాయువును చికిత్సకు వినియోగించే ఏర్పాటుతో ఆయన పేరు ముడిపడి ఉంది. భారత మెడికల్ ఫిజిసిస్టుల సంఘం ఆయన స్మారకంగా ఉపన్యాస పురస్కారాన్ని ఇస్తోంది. ఆ సంఘం 1976లో ఏర్పడింది.

1962లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో ముంబయి సమీపాన ట్రాంబేలోని అణుశక్తి కేంద్రంలో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా కోర్సు మొదలైంది. ఆ కేంద్రమే 1967లో భాభా అణు పరిశోధన కేంద్రంగా పేరు మార్చుకుంది. దేశంలోని ఆసుపత్రుల్లో పనిచేసిన ఫిజిసిస్టుల్లో దశాబ్దాల పాటు అధిక భాగం అక్కడి నుంచి వచ్చినవారే. తరువాతి కాలంలో పలు విశ్వవిద్యాలయాలు మెడికల్ ఫిజిక్స్‌లో స్నాతకోత్తర కోర్సులను ప్రవేశపెట్టాయి.

నేటి నిబంధనలు ఏం చెబుతున్నాయి?

దేశంలో రేడియేషన్ వినియోగాన్ని నియంత్రించేది 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. రేడియేషన్ చికిత్సా కేంద్రంలో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేయడానికి ఆ మండలి రెండు మార్గాలను గుర్తిస్తుంది. ఫిజిక్స్‌లో ఎం.ఎస్సీ. చేసిన తరువాత రేడియలాజికల్ లేదా మెడికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా పొందడం మొదటిది. ఫిజిక్స్ ప్రధానాంశంగా సైన్స్ డిగ్రీ చదివి, ఆపై మెడికల్ ఫిజిక్స్‌లోనే స్నాతకోత్తర పట్టా పొందడం రెండవది. ఏ మార్గంలో వచ్చినా, అన్ని సదుపాయాలు ఉన్న గుర్తింపు పొందిన రేడియేషన్ చికిత్సా విభాగంలో కనీసం 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి.

దీనికి పైన రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్ అనే హోదా ఉంది. ప్రతి చికిత్సా కేంద్రానికీ మండలి ఆమోదం పొందిన అటువంటి అధికారి ఉండాలి. ఇందుకు ప్రత్యేక పరీక్షలో ఉత్తీర్ణత సాధించాలి. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కూడా తన పరిధిలోని వృత్తుల జాబితాలో మెడికల్ ఫిజిసిస్టులను చేర్చింది.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సిఫారసు ఇంతకంటే ఎక్కువ కాలాన్ని కోరుతుంది. ఆసియా-పసిఫిక్ దేశాల సహకార ఒప్పందం కింద రూపొందించి, 2009లో తన శిక్షణ గ్రంథమాలలో 37వ సంచికగా ప్రచురించిన మార్గదర్శిలో రేడియేషన్ ఆంకాలజీ ఫిజిసిస్టులకు కనీసం రెండేళ్ల పూర్తికాల ఆసుపత్రి శిక్షణ ఉండాలని అది పేర్కొంది. అమెరికాలో 2014 నుంచి, గుర్తింపు పొందిన రెసిడెన్సీ పూర్తిచేసినవారికే రేడియాలజీ బోర్డు ధ్రువీకరణ పరీక్షలకు ప్రవేశం లభిస్తోంది. అక్కడ కూడా రెసిడెన్సీ కాలం సాధారణంగా రెండేళ్లే.

కాలవ్యవధికి మించి ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. 12 నెలలు గడిచాయని ధ్రువపత్రం ఇవ్వడం ఒక పద్ధతి. ఏయే పనులను ఒంటరిగా, సురక్షితంగా చేయగలరో ఒక్కొక్కటిగా పరీక్షించి నమోదు చేయడం మరో పద్ధతి. అంతర్జాతీయ మార్గదర్శి రెండవ పద్ధతిని అనుసరిస్తుంది. అందులో ఎనిమిది విభాగాలున్నాయి: ఆసుపత్రి వాతావరణ పరిచయం, రేడియేషన్ భద్రత, బాహ్య కిరణ చికిత్సలో మోతాదు కొలత, బాహ్య కిరణ చికిత్సా యంత్రాలు, చికిత్సా ప్రణాళిక, బ్రాకీథెరపీ, వృత్తి ధర్మం-నాణ్యతా నిర్వహణ, పరిశోధన-బోధన. శిక్షణార్థి ప్రతి పనినీ పని పుస్తకంలో రాసుకోవాలి, పర్యవేక్షకుడు పరిశీలించి సంతకం చేయాలి.

శిక్షణలో రోజులు ఎలా గడుస్తాయి?

మొదటి వారాల్లో శిక్షణార్థి చేతికి యంత్రాన్ని అప్పగించరు. వైద్యుని ఓపీలో కూర్చొని రోగి కథ వినమంటారు. కణితి ఎక్కడుంది, ఎందుకు శస్త్రచికిత్స వద్దన్నారు, రోగి 35 రోజులు రాగలడా, ఊరు ఎంత దూరం అన్నవి ప్రణాళికను ప్రభావితం చేసే విషయాలే. తరువాత సీటీ సిమ్యులేటర్ వద్ద రోగి ముఖానికి ప్లాస్టిక్ మాస్క్ ఎలా అచ్చుపోస్తారో, రోజూ అదే భంగిమలో పడుకోబెట్టడానికి ఆ మాస్క్ ఎంత అవసరమో గమనిస్తారు. చికిత్స సాగేకొద్దీ రోగి బరువు తగ్గి మాస్క్ వదులయ్యే పరిస్థితిని గుర్తించడం కూడా అక్కడే నేర్చుకుంటారు.

ఆ తరువాత ఉదయపు పరీక్షల వంతు. యంత్రం ఉత్పత్తి ముందుగా నిర్ధారించిన ప్రామాణిక స్థాయికి 3 శాతంలోపు ఉండాలి, గోడల మీది లేజర్ గీతలు మధ్యబిందువు వద్ద ఒకటి రెండు మిల్లీమీటర్లలోపు కలవాలి, తలుపు తెరిస్తే కిరణం తక్షణం ఆగిపోవాలి. నెలవారీ పరీక్షల్లో ఉత్పత్తి తేడా 2 శాతం, వార్షిక పరీక్షల్లో 1 శాతం మించకూడదు. అంకెలు బాగున్న రోజున వాటిని రాయడం తేలిక. 3.2 శాతం కనిపించిన రోజున ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. పరికరం తప్పా, యంత్రం తప్పా, గది ఉష్ణోగ్రత తప్పుగా చూశామా? బయట ముప్పై మంది రోగులు వేచి ఉన్నారు. వారిలో కొందరు తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవారు. అలాంటి రోజున చికిత్స ఆపమని చెప్పడానికి శాస్త్రజ్ఞానంతో పాటు ధైర్యం కూడా కావాలి. ఆపమన్న ఫిజిసిస్టు మాటను యాజమాన్యం, వైద్యులు గౌరవించే విభాగంలో నేర్చుకున్నవారికే ఆ ధైర్యం అలవడుతుంది.

ప్రణాళిక వేయడం తరువాతి దశ. ఆధునిక చికిత్సలో కిరణపు ఆకారం, తీవ్రత క్షణక్షణం మారుతుంటాయి. అందుకే రోగికి ఇవ్వకముందు ఆ ప్రణాళికను కృత్రిమ నమూనాపై అమలుచేసి, కొలిచిన మోతాదు కంప్యూటరు చెప్పిన దానితో సరిపోలుతుందో లేదో చూస్తారు. పగలు యంత్రం రోగులకు కేటాయించి ఉంటుంది గనుక ఈ కొలతలు చాలా ఆసుపత్రుల్లో సాయంత్రం పొద్దుపోయాక సాగుతాయి.

బ్రాకీథెరపీ మరింత జాగ్రత్త కోరుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చికిత్సలో రేడియోధార్మిక మూలకాన్ని సన్నని గొట్టాల ద్వారా కణితి సమీపానికే పంపుతారు. ఇందుకు ఎక్కువగా వాడే ఇరిడియం-192 అర్ధాయువు సుమారు 74 రోజులు. అంటే దాని తీవ్రత రోజుకు దాదాపు ఒక శాతం తగ్గుతూ పోతుంది. కంప్యూటరులో తేదీ వారం రోజులు అటూ ఇటూ అయితే మోతాదులో ఆరు శాతానికి పైగా తేడా వస్తుంది. మూలకం తిరిగి పెట్టెలోకి వెళ్లకుండా మధ్యలో చిక్కుకుంటే ఏం చేయాలో శిక్షణార్థులు ముందుగానే సాధన చేస్తారు: అత్యవసర మీట ఎక్కడ, చేతితో మూలకాన్ని వెనక్కు తిప్పే చక్రం ఎక్కడ, రోగిని బయటకు తెచ్చేది ఎవరు, గడియారం చూసేది ఎవరు. మూలకానికి దూరం రెట్టింపయితే సోకే రేడియేషన్ నాలుగో వంతుకు తగ్గుతుందన్న పాఠ్యపుస్తక సూత్రం ఆ క్షణంలో ప్రాణరక్షణ సూత్రమవుతుంది.

శిక్షణార్థుల భద్రతకూ నియమాలున్నాయి. రేడియేషన్ సిబ్బంది అందరిలాగే వారు మోతాదును నమోదు చేసే బ్యాడ్జీ ధరించాలి. భారత నిబంధనల ప్రకారం సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించరాదు.

సూరత్ వంటి నగరాల ముందున్న ప్రశ్న

సూరత్ నుంచి రైలు మార్గంలో దక్షిణంగా సుమారు 260 కిలోమీటర్లు వెళితే భాభా కేంద్రం, టాటా మెమోరియల్ ఉన్న ముంబయి వస్తుంది. ఉత్తరంగా సుమారు 230 కిలోమీటర్లు వెళితే 1972లో స్థాపితమైన గుజరాత్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉన్న అహ్మదాబాద్ వస్తుంది. ఈ రెండు పెద్ద శిక్షణ కేంద్రాల నడుమ ఉన్న సూరత్‌లో భారత్ క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలు స్థానికంగానే చికిత్స అందిస్తున్నాయి. ఆరేడు వారాల పాటు రోజూ చికిత్సకు రావలసిన కూలీకి, మగ్గం కార్మికుడికి సొంత ఊళ్లో యంత్రం ఉండడం ఎంతో ఊరట. యంత్రం వచ్చినంత త్వరగా దాన్ని నడిపించే అనుభవజ్ఞులు తయారు కారు. వరంగల్, కర్నూలు, రాజమహేంద్రవరం వంటి తెలుగు నగరాలకూ ఇదే వర్తిస్తుంది.

మధ్యస్థాయి నగరాల ఆసుపత్రిలో శిక్షణ పొందడంలో ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. సిబ్బంది తక్కువ గనుక శిక్షణార్థికి ప్రతి పనిలోనూ చేయి పెట్టే అవకాశం దొరుకుతుంది. పెద్ద సంస్థల్లో నెలల తరబడి ఎదురుచూడవలసిన కొలతలు ఇక్కడ మొదటి నెలల్లోనే చేతికి రావచ్చు. అదే సమయంలో ఒకరిద్దరు ఫిజిసిస్టులే ఉన్నచోట నేర్పే తీరిక ఎవరికీ ఉండకపోవచ్చు. అప్పుడు శిక్షణార్థి నేర్చుకునే వ్యక్తిగా కాక పనిభారం పంచుకునే మనిషిగా మిగిలిపోతారు. తాము చేసిన కొలతను సరిచూసే రెండో వ్యక్తి లేనిచోట, శిక్షణ ముగిసినా ఆ రెండో చూపు విలువ వారికి తెలియదు.

దీనికి ఉన్న మార్గాల్లో ఒకటి, శిక్షణ కాలంలో కొన్ని నెలలు స్థానిక ఆసుపత్రిలోనూ, స్థానికంగా లేని విధానాల కోసం మరికొన్ని నెలలు పెద్ద కేంద్రంలోనూ గడపడం. 2012లో ప్రారంభమైన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ దేశంలోని క్యాన్సర్ కేంద్రాలను ఒక గొడుగు కిందకు తెచ్చింది. హైదరాబాద్‌లో 1955 నుంచి సేవలందిస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ సంస్థ, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటివి తెలుగు రాష్ట్రాల్లో చిన్న కేంద్రాలకు అండగా నిలవగల స్థాయి కలిగినవి.

శిక్షణ కోసం ఆసుపత్రిని ఎంచుకునే విద్యార్థులు కొన్ని విషయాలను ముందుగానే విచారించుకోవడం మేలు. ఆ విభాగానికి నియంత్రణ మండలి అనుమతులు ఉన్నాయా? బాహ్య కిరణ చికిత్స, బ్రాకీథెరపీ రెండూ జరుగుతున్నాయా? నేర్పడానికి ఎంతమంది సీనియర్ ఫిజిసిస్టులు ఉన్నారు? పని పుస్తకం నిర్వహిస్తారా? జీవనభృతి ఇస్తారా? ఇంటర్న్‌షిప్ చివర స్వతంత్రంగా పరీక్షిస్తారా, లేక ధ్రువపత్రంతో సరిపెడతారా?

వజ్రం చెప్పే మాట

సూరత్‌కు, ఈ వృత్తికి మధ్య ఊహించని బంధం ఒకటి ఉంది. వజ్రం శుద్ధమైన కర్బనం. రేడియేషన్‌ను గ్రహించే తీరులో కర్బనం మనిషి కణజాలానికి దగ్గరగా ఉంటుంది. అందుకే ప్రయోగశాలలో పెంచిన స్ఫటిక వజ్రపు చిన్న పలుకుతో తయారైన కొలత పరికరాలను, మెదడులోని చిన్న కణితులకు వాడే సన్నని కిరణాలను కొలవడానికి ఉపయోగిస్తున్నారు. అటువంటి చిన్న కిరణాల కొలతకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2017లో ప్రత్యేక నియమావళిని ప్రచురించింది. ప్రయోగశాల వజ్రాల తయారీలో నేడు సూరత్ పేరు ప్రపంచమంతటా వినిపిస్తోంది.

వజ్రాల పనివారు నైపుణ్యం సంపాదించే పద్ధతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అందులో వందో వంతును కూడా లెక్కలోకి తీసుకునే వ్యాపారమది. సానరాయిపై అరిగిపోయిన పలుకును తిరిగి అతికించలేరు. కొత్తగా చేరినవారికి విలువైన రాయిని మొదటి రోజే ఇవ్వరు. పెద్దల పక్కన కూర్చోబెట్టి, తక్కువ ధర రాళ్లపై చేయి తిరిగాక గాని ఖరీదైన వాటిని అప్పగించరు. రేడియేషన్ మోతాదు కూడా ఒకసారి శరీరంలోకి వెళ్లాక వెనక్కు రాదు.

రోగులు, కుటుంబాలు అడగదగిన ప్రశ్నలు

రేడియేషన్ చికిత్స ప్రారంభించే ముందు రోగులు తమ సందేహాలను నిస్సంకోచంగా అడగవచ్చు. ఈ కేంద్రంలో అర్హత గల మెడికల్ ఫిజిసిస్టు పూర్తికాలం ఉన్నారా? తమ ప్రణాళికను మరొకరు సరిచూశారా? మొత్తం మోతాదు ఎంత, ఎన్ని రోజులు? చికిత్స వివరాల పత్రం చివర ఇస్తారా? మరో ఊళ్లో చికిత్స కొనసాగించవలసి వస్తే, లేక ఏళ్ల తరువాత మళ్లీ అవసరమైతే ఆ పత్రం ఎంతో కీలకం. స్వస్థలం నుంచి వలస వచ్చి నగరాలు మారుతూ ఉండే కార్మిక కుటుంబాలు దాన్ని రేషన్ కార్డు అంత భద్రంగా దాచుకోవాలి. యంత్రం పరీక్షల కారణంగా ఒక రోజు చికిత్స ఆలస్యమైతే దాన్ని నిర్లక్ష్యంగా భావించనవసరం లేదు. అనుమానం వచ్చినప్పుడు ఆగి సరిచూసే కేంద్రం తన బాధ్యత నెరవేరుస్తున్నట్లే.

మేరీ క్యూరీ జన్మదినమైన నవంబరు 7ను 2013 నుంచి అంతర్జాతీయ మెడికల్ ఫిజిక్స్ దినోత్సవంగా పాటిస్తున్నారు. ఆ రోజున ఆసుపత్రుల్లో సభలు, ఉపన్యాసాలు జరుగుతాయి. మిగిలిన రోజుల్లో ఈ వృత్తి నిశ్శబ్దంగానే సాగుతుంది. ఉదయం మొదటి రోగి రాకముందు ఒకరు కొలిచి, అంకెను రాసి, పక్కన సంతకం చేస్తారు. ఆ సంతకం కింద రెండో సంతకం కూడా ఉండేలా చూడడమే శిక్షణ ఆశయం.